మొదటి షిఫ్టు చేపలు

స్పాంజిని ఎన్నిసార్లు పిండినా నల్లనీళ్ళు వస్తున్నాయి గాని, దాని నలుపు మాత్రం పోవడం లేదు. ఆసుపత్రి ఆయా మగ్దలీన బకెట్టు ముందు గొంతుక్కూర్చుని రెండు అరచేతుల మధ్యా దాన్ని ఒత్తి, మళ్ళీ ముంచి, మళ్ళీ ఒత్తింది. అది చేపల తొట్టిలో నీళ్ళు వడగట్టే స్పాంజి. బకెట్టులోవి ఆ తొట్టి నీళ్ళే. అలా కడగాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఒకసారి కుళాయి కింద కడిగితే చేపలు రెండు రోజులపాటు ఒక పక్కకి వాలి ఈదాయి. అప్పటినుంచి తొట్టిలోంచి ఒక మగ్గు నీళ్ళు తీసుకుని వాటితోనే కడుగుతోంది.

మామూలు పచ్చ పాచి అయితే వేలితో రాస్తే జారిపోతుంది. ఇది అలాంటిది కాదు. పొట్టి పొట్టి నల్లవెంట్రుకల్లా, కుచ్చులు కుచ్చులుగా, స్పాంజి చిల్లుల్లోకి వేళ్ళు దిగి కూర్చుంది. పాత పళ్ళబ్రష్షుతో తోమింది. కొబ్బరిపీచుతో తోమింది. గోటితో గీకితే స్పాంజి తునిగి చేతికొచ్చింది గాని నాచు రాలేదు.

"అయ్యిందా?" అన్నాడు రమణమూర్తి వెనకనుంచి. ఆయన ఆ ఆసుపత్రి మేనేజరు. బూట్లు తడవకుండా నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"ఇంతే వస్తంది సార్. ఇంక రాదు."

"ఇంతేనంటే ఎలా? శనివారం గణపతిరావుగారు వస్తున్నారు. వాళ్ళ నాన్నగారి సంవత్సరీకం. తొట్టి పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు, పేపరుకిస్తారు. నీళ్ళ మధ్యలో ఆ నల్లముద్ద కనిపిస్తే ఏం బాగుంటుంది?"

"కొత్తది కొనీస్తే సరిపోద్ది కదా సార్."

"ఆ సైజు బరంపురం నుంచి రావాలట. వారం పడుతుంది. నువ్వు ఇంకోసారి తోము."

ఆయన వెళ్ళాక మగ్దలీన ఇంకోసారి తోమింది. తోమమన్నారు కాబట్టి తోమింది. తర్వాత స్పాంజిని గొట్టానికి తొడిగి, తొట్టిలోకి దింపి, గాలి మోటారు స్విచ్చి వేసింది. బుడగలు లేచాయి. ఎనిమిది బంగారు చేపలూ మూలనుంచి కదిలి వచ్చి, కొత్తగా ఎవరో చుట్టమొచ్చినట్టు ఆ నల్లముద్ద చుట్టూ తిరిగాయి.

పలాస బస్టాండుకి వెనక వీధిలో ఉన్న ఆ ఆసుపత్రి కింది అంతస్తు మొత్తం డయాలసిస్‌కే. లోపల పది కుర్చీలు, పది మిషన్లు. బయట హాల్లో బరువు చూసే కాటా, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడవార ఈ తొట్టి. తొట్టి కింద ఇత్తడి రేకు మీద జీడిపప్పు వ్యాపారి గణపతిరావు తండ్రి పేరు చెక్కి ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఆరింటికి మొదటి షిఫ్టు వాళ్ళు వస్తారు. ఉద్దానం ఊళ్ళనుంచి ఆటోల్లో, తొలి బస్సుల్లో వచ్చి, కాటా ఎక్కి దిగి, లోపలికి పిలిచేదాకా తొట్టి ముందు నిలబడతారు. నిలబడీ నిలబడీ ఒక్కొక్కరూ ఒక్కో చేపని తమది చేసుకున్నారు. తమ చేప గాజుకి దగ్గరగా వస్తే ఆరోజు సూదులు నొప్పి పెట్టవని వాళ్ళ లెక్క.

ఆ సోమవారం మొదట వచ్చింది దాలయ్య, ఆయన భార్య కాంతం. దాలయ్యది సంతబొమ్మాళి వైపు. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ రొయ్యల చెరువుల మీద కాపలా పని చేశాడు. ఇప్పుడు మనిషి సన్నగా, చొక్కా తగిలించిన కర్రలా ఉంటాడు గాని నోరు మాత్రం తగ్గలేదు.

"ఏటే మగ్దలీనా, దాన్నలగ పీకి పాకం పెట్టేత్తన్నావు?"

"నలుపు పోటం నేదు మావా."

"ఎందుకు పోతాది? పైన ఆ లైటు సూడు. పగలూ రేత్రీ పెళ్ళిపందిరి నాగ ఎలిగించి ఉంచుతారు. ఎలుగు తింటాది నాచు. లైటు కట్టీ, పది రోజుల్లో అదే సస్తాది."

"శనివారానికే కావాలంట."

"అలగైతే నల్లగే ఉండనీ. అది మురికి కాదే పిచ్చిదానా. నీటిని కాసేదంతా దాన్లోనే ఉంటాది. మా సెరువులో కొత్తనీరు పెట్టగానే రొయ్యపిల్ల ఎయ్యం తెలుసా? నీరు రంగు తిరగాల. తిరిగినాకే ఎయ్యాల."

కాంతం కాటా మీద భర్త చెప్పులు పక్కకి జరుపుతూ, "ఈయనగోరు సెరువు ఇప్పేసి కూకుంటే ఇంక నోరు ముయ్యరు. ఎక్కండి ముందు, బరువు సూత్తారు" అంది.

మగ్దలీన లేచి లైటు కట్టేసింది. ఆమె అటు వెళ్ళగానే, ఎవరో మళ్ళీ వేశారు.

పాండు వచ్చాడు. ముప్ఫైనాలుగేళ్ళ వాడు. ఆటో నడిపేవాడు, ఇప్పుడు ఆ ఆటో అన్న నడుపుతున్నాడు. లోపలికి తొంగి చూసి, "ఆరో నంబరు ఇయ్యాల కూడా ఖాళీయే. ఎర్రమ్మప్ప రానేదేటి పిన్నీ?" అన్నాడు.

మగ్దలీన చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని రెండు మడతలు పెట్టింది.

"వైజాగ్ తీసుకెల్లారంట."

"ఈ వైజాగ్ ఏటోగాని, ఎల్లినోళ్ళు ఒక్కలూ తిరిగి రారు. మంచి ఊరే కావాల!"

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వారు. దాలయ్య నవ్వలేదు. తొట్టి ముందుకి వంగి, "అదుగో ఎర్రమ్మ సిరుగుతోక సేప, తిరుగుతాంది. దాని మనిషి వైజాగ్‌లో ఉంటే ఇది ఇక్కడేటి సేత్తాంది?" అన్నాడు చేపతోనే అన్నట్టు.

ఎర్రమ్మ పోయిన బుధవారం తెల్లవారుజామున పోయింది. ఫోను ఎత్తింది మగ్దలీనే. మర్నాడు ఎర్రమ్మ మొగుడు కుర్చీ మీద మరిచిపోయిన ఆమె ఊలుకోటు కోసం వచ్చి, మగ్దలీనకే చెప్పాడు, శనివారానికి పదకొండో రోజని. కాని ఆసుపత్రిలో ఒక మాట ఉంది. ఎవరైనా పోతే మిగతావాళ్ళకి చెప్పకూడదు. చెబితే కుర్చీలో ఉన్న మనిషికి బీపీ పడిపోతుందని రమణమూర్తి అంటాడు. వైజాగ్ తీసుకెళ్ళారనాలి. మగ్దలీన రెండేళ్ళుగా ఆ మాట చాలాసార్లు అంది. చీపురు పట్టినట్టు, గ్లౌజులు తొడిగినట్టు, అదీ పనిలో ఒక పని.

బుధవారం నాటికి కూడా స్పాంజి నల్లగానే ఉంది. మొదటి షిఫ్టు వెళ్ళిపోయాక రమణమూర్తి తొట్టి ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు.

"ఇలా కాదు. బ్లీచింగులో నానబెట్టు. ఈ నీళ్ళన్నీ పారబోసెయ్."

"తొట్టి నీళ్ళు తీత్తే సేపలకి పడదని దాలయ్య మావ..."

"దాలయ్య డాక్టరా? ఈ ఉద్దానం నీళ్ళతో మనుషులే ఇలా అయిపోతుంటే, చేపలకి ఆ మురికినీళ్ళే కావాలా? లోపల ప్లాంటు నీళ్ళు పట్టు. మనిషి రక్తం కడిగే నీళ్ళవి. అంతకంటే మంచినీళ్ళు ఎక్కడున్నాయి?"

మగ్దలీన దానికి ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పాలని అనిపించలేదు కూడా. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవర్ని అడిగినా తప్పంతా నీళ్ళదే అంటారు. ఆమె ఇంట్లో బావినీళ్ళు అంట్లకి తప్ప వాడి పన్నెండేళ్ళయింది. క్యాను నీళ్ళు తాగుతారు, క్యాను నీళ్ళతో వండుతారు. చంటిపిల్లకి స్నానం కూడా క్యాను నీళ్ళతో చేయించే ఇళ్ళు ఉన్నాయి. నీరు ఎంత తేటగా ఉంటే ప్రాణానికి అంత మంచిదని ఆమె నమ్ముతుంది. కాబట్టి మేనేజరు చెప్పాడని అయిష్టంగా చెయ్యలేదు. మనసు పెట్టే చేసింది.

చేపల్ని బకెట్టులోకి తీసింది. తొట్టి నీళ్ళు ట్యూబు పెట్టి కాలవలోకి వదిలింది. అడుగు రాళ్ళు చాటలో పోసి, బియ్యం కడిగినట్టు నాలుగుసార్లు కడిగింది. స్పాంజిని బ్లీచింగు బకెట్టులో ముంచి, పైకి తేలకుండా మీద మూత బోర్లించి, దాని మీద రాయి పెట్టింది. సాయంత్రం నాలుగింటికి తీసి చూస్తే నల్లకుచ్చులు ఉడికిన ఆకుకూరలా మెత్తబడ్డాయి. వేలు తగిలితే రాలిపోయాయి. కింద లేత పసుపు రంగు బయటపడింది. రెండేళ్ళలో ఆ రంగు ఆమె చూడనేలేదు. కుళాయి కింద పెట్టి పిండింది, వాసన చూసింది, మళ్ళీ పిండింది. వాసన పోయిందనే అనుకుంది.

టెక్నీషియన్ తేజ ప్లాంటు గొట్టం తిప్పి ఇస్తే, బకెట్టు తర్వాత బకెట్టు మోసింది. పదకొండు బకెట్లు. నిండాక తొట్టి అద్దంలో నీరు ఉందో లేదో తెలియనంత తేటగా ఉంది. చేపలు గాలిలో వేలాడుతున్నట్టున్నాయి.

"అద్దీ!" అన్నాడు రమణమూర్తి. "ఇలా ఉండాలి." ఫోను తీసి ఒక ఫొటో కూడా తీసుకున్నాడు.

గురువారం ఉదయం ఆమె తలుపు తీసేసరికి ఏడు చేపలు పైకి తేలి ఉన్నాయి. ఎనిమిదోది, చిరుగుతోకది, అడుగున రాళ్ళ మీద పక్కకి పడుకుని నోరు తెరుస్తోంది, మూస్తోంది. మగ్దలీన చీపురు గోడకి ఆనించింది. స్టీలు పళ్ళెం తెచ్చి, ఒక్కొక్క చేపనీ కిందనుంచి ఎత్తి తీసింది. వాటి రంగు పోలేదు. బంగారు రంగు బంగారు రంగులాగే ఉంది. ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. చిరుగుతోకది పదింటికి ఆగిపోయింది.

రమణమూర్తి పళ్ళెం వంక చూసి, చుట్టూ చూశాడు. అప్పటికి మంగళ, గురు, శనివారాల బ్యాచి లోపల మిషన్ల మీద ఉంది.

"ఎవరైనా చూశారా?"

"నేదు సార్."

"క్యారీబ్యాగులో వేసి పడెయ్. కొత్తవి తెప్పిస్తాను, ఇవే సైజు, ఇవే రంగు. చేపలన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరికి తెలుస్తుంది? ఎవరితోనూ అనకు. గణపతిరావుగారి చెవిన పడితే నీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదు, చెప్తున్నాను."

మధ్యాహ్నం షాలేమ్ రాజు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చేపలు తీసుకుని వచ్చాడు. కాశీబుగ్గలో అతనికి చేపల తొట్టెల షాపుంది. ఆదివారాలు చర్చిలో మగ్దలీన వాళ్ళ వరసకి ముందు వరసలో కూర్చుంటాడు. సంచుల్ని తొట్టిలో తేలేసి, నీళ్ళలోకి చూసి, స్పాంజి వైపు చూసి, నాలుక కరుచుకున్నాడు.

"అక్కా, దీన్నింత తెల్లగా ఎవురు కడిగేరు?"

"నానే."

"దేంతో?"

చెప్పింది.

"అయ్యో. దాన్లో ఉన్నదంతా సచ్చిపోద్ది కదక్కా. ఇప్పుడది ఉట్టి నురగముక్క. నీళ్ళేమో ప్లాంటువి, వాటిల్లో ఏటీ ఉండదు. సేపకి కావల్సిందీ ఉండదు. ఇయ్యి కూడా నాలుగైదు రోజులే. తర్వాత మళ్ళీ నన్ను పిలుత్తారు. నాకు బేరమే అనుకో, అయినా సెప్తన్నాను."

"మరేటి సెయ్యాల?"

"మా షాపులో తొట్టిలో పాత స్పాంజి ఉంది. నల్లగా, జిగటగా. అది తెచ్చి ఇందులో ఒగ్గీ. పాలల్లో తోడేసినట్టే అనుకో. రెండు వారాల్లో కొత్తదానికి కూడా పట్టుకుంటాది. నీళ్ళు కూడా సగం తీసి బయట కుళాయివి ఒక రోజు బకెట్టులో నిలవుంచి పొయ్యి."

"నల్లది పెడితే సార్ ఒప్పుకోరు."

షాలేమ్ రాజు భుజాలెగరేశాడు. "పాలు ఇరగ్గొట్టుకోడం మీ సారు ఇష్టం" అని సంచుల ముడి విప్పాడు.

శుక్రవారం పొద్దున్న ఆరు దాటింది. కాటా మీద పాండు నిలబడి, అంకె చూసి, "రెండున్నర కిలోలు నీరు పట్టేసినాను. మా అన్న పెళ్ళాం పులుసు పెట్టిందిరా బాబూ, ఆపలేకపోనాను" అంటున్నాడు. మగ్దలీన నేల తుడుస్తోంది. దాలయ్య ఎప్పటిలాగే తొట్టి ముందుకొచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వేలితో గాజు మీద ఒకసారి కొట్టాడు. చేపలు చెదిరి మూలకి పోయాయి.

"ఇయ్యి మనయ్యి కావు" అన్నాడు.

నేల మీద తడిగుడ్డ కదలడం ఆగింది.

"నా దాని నుదుటి మీద మచ్చ ఉండాల. ఇందులో మచ్చదేదీ? సిరుగుతోకదేదీ? ఏమే మగ్దలీనా? నిన్నే అడుగుతన్నాను. ఎక్కడికెల్లాయి?"

మగ్దలీన నోరు తెరిచింది. రెండేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరికి వచ్చింది. కాని ఆమె అనేలోపే ముసలాయన అన్నాడు.

"వైజాగ్ తీసుకెల్లారా?"

పాండు ఫక్కున నవ్వబోయి, మగ్దలీన ముఖం చూసి మానేశాడు.

ఆమె గుడ్డని బకెట్టులో వేసింది. లేచి నిలబడింది. చేతులు చీరకి తుడుచుకుంది.

"నేదు మావా. సచ్చిపోనాయి. నానే సంపీసినాను. స్పాంజి తెల్లగా కావాలంటే బ్లీచింగులో ఏసినాను, ప్లాంటు నీళ్ళు పట్టినాను. తెల్లారేసరికి అన్నీ పోనాయి. ఇయ్యి కొన్న సేపలు."

దాలయ్య తలూపాడు. కోప్పడలేదు. నువ్వు అలా చేస్తావని నాకు తెలుసులే అన్నట్టు కూడా లేదు ఆయన ముఖం. ఎప్పుడో అడగాల్సింది ఇవాళ అడుగుతున్న మనిషిలా ఉన్నాడు.

"మరి ఎర్రమ్మో?"

కాంతం భర్త మోచెయ్యి పట్టుకుంది. "ఏటండీ ఇది..."

"నువ్వాగే. సెప్పు మగ్దలీనా. సేపల సంగతి సెప్పినావు కదా. మనిషి సంగతి సెప్పడానికేటి?"

"సచ్చిపోనాది మావా. పోయిన వారం బుధవారం. తెల్లారుజామున, ఇంటికాడే."

"అంతకు ముందు ఆ అక్కుపల్లి ఊరి మేస్త్రీ?"

"ఆయనా పోనాడు."

"బారువ నుంచొచ్చే టీచరమ్మ?"

"ఆవిడా."

మూల కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న రత్నాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాండు కాటా మీదనుంచి దిగకుండా అక్కడే నిలబడిపోయాడు. అంకె వాడి కాళ్ళ మధ్య వెలుగుతూనే ఉంది.

కాంతమే ముందు మాట్లాడింది. ఆమె గొంతు పెద్దదైంది. "మూడేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూకున్నామే! మా ఆయనకి కళ్ళు తిరిగితే ఎర్రమ్మే దాని పులుపుబిళ్ళ ఇచ్చింది. మరి సచ్చిపోతే సూడ్డానికైనా ఎల్లకూడదా మేం? ఎవులు మమ్మల్ని ఆపడానికి? మేం సిన్నపిల్లలమా?"

"రేపు పదకొండో రోజు" అంది మగ్దలీన. "ఆయన సెప్పినాడు. మీకు సెప్పమనే సెప్పినాడు. నానే సెప్పనేదు."

లోపలినుంచి తేజ ఒక్కొక్క పేరూ పిలిచాడు. ఒక్కొక్కరే వెళ్ళి తమ కుర్చీల్లో కూర్చున్నారు. సూదులు గుచ్చించుకున్నారు. మిషన్లు తిరిగాయి. గంటగంటకీ తేజ బీపీ చూసి కాగితం మీద రాశాడు. అందరికీ రోజూ ఎంతుంటుందో అంతే ఉంది. ఎవరికీ పడలేదు. ఆరో కుర్చీ వైపు ఎవరూ చూడకుండా ఉండలేదు, చూసి ముఖం తిప్పుకోనూ లేదు. నాలుగు గంటల తర్వాత చేతికి కట్టు కట్టించుకుని బయటికొస్తూ దాలయ్య పాండుతో అన్నాడు, "మీ అన్నని రేపు ఆటో తెమ్మను. ఎండ ముదరకముందే ఎల్దాం." పాండు సరేనన్నాడు. గుమ్మం దాటుతూ ముసలాయన మగ్దలీన వైపు తిరిగాడు.

"నువ్వూ రా."

పావుగంటకి రమణమూర్తి ఆమెని తన గదికి పిలిచాడు. కేకలెయ్యలేదు. గ్లాసులో టీ సగం మిగిలి ఉంది, దాని మీద మీగడ కట్టింది.

"నీ భర్త పోయాక నిన్ను పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చింది ఎవరు?"

"మీరే సార్."

"ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క నియమం. అదొక్కటీ ఉంచలేకపోయావు. సరే, అయిందేదో అయింది. రేపు పదింటికి గణపతిరావుగారు వస్తారు. నువ్వు యూనిఫారం వేసుకుని తొట్టి పక్కన ఉండాలి. ఈ అక్వేరియం చూసుకునే ఆయా అని పరిచయం చేస్తాను, నమస్కారం పెట్టు. అంతే. చేపలు పోయిన సంగతి ఎత్తకు. రేపు రాకపోతే మాత్రం, ఎల్లుండినుంచి రానక్కర్లేదు. నాకు ఇంకో దారి లేదు."

"అలాగే సార్" అంది మగ్దలీన. ఆ మాట కూడా అలవాటుగానే వచ్చింది.

డ్యూటీ దిగాక ఆమె ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి కాశీబుగ్గ వెళ్ళింది. షాలేమ్ రాజు వెనక తొట్టిలో చెయ్యి పెట్టి పాత స్పాంజి బయటికి తీశాడు. బొగ్గులా ఉంది, చేపల వాసన, చెరువు వాసన వేస్తోంది. దానికీ అవే నల్లకుచ్చులు. తడిగుడ్డలో చుట్టి ఇస్తూ, "ఆరిపోకూడదక్కా. దార్లో ఎక్కడా ఆగకు" అన్నాడు. ఆమె దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు చీరకి దిగి మోకాళ్ళదాకా తడిసింది. తుడుచుకోలేదు.

వాచ్‌మన్ ఆమెని చూసి, ఏదో మరిచిపోయిందనుకుని తలుపు తీశాడు. తొట్టి నీళ్ళు సగం తీసింది. ముందురోజే బకెట్లలో పట్టి ఉంచిన కుళాయి నీళ్ళు చెంబుతో మెల్లగా పోసింది. నల్ల స్పాంజిని తెల్లదాని పక్కనే, అద్దానికి ఎదురుగా, ఇత్తడి రేకుకి సరిగ్గా పైన నిలబెట్టింది. ఇంకెక్కడ పెట్టినా గాలి గొట్టం అందదు. లైటు కట్టేసింది. దాని ప్లగ్గు పీకి, తీగ చుట్టి, తొట్టి మీద పెట్టింది. చిత్తు కాగితం ఒకటి తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి గాజుకి అంటించింది: "నల్లది తియ్యొద్దు. తీస్తే ఇవి కూడా చచ్చిపోతాయి. లైటు వెయ్యొద్దు. మగ్దలీన, ఆయా."

శనివారం ఎనిమిదిన్నరకి పాండు అన్న ఆటోలో అయిదుగురు ఎక్కారు. వెనక దాలయ్య, కాంతం, రత్నాలమ్మ, మగ్దలీన. ముందు అన్న పక్కన పాండు. పలాస దాటగానే జీడితోటలు వచ్చాయి, తోటలు దాటగానే కొబ్బరిచెట్లు, వాటి సందుల్లోంచి ఉప్పుగాలి. పాండు ముందునుంచి వెనక్కి తిరిగి, "పిన్నీ, ఉద్యోగం పోతే మా అన్న ఆటో కడుగుదువు గాని, దీనికి కూడా నాచు పట్టింది" అన్నాడు. "దాని బ్లీచింగుకి మీ ఆటో మిగల్దు నాయినా" అంది కాంతం. రత్నాలమ్మ కూడా నవ్వింది. పదింటికి మగ్దలీన ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని, పేరు చూస్తూ, ఆగేదాకా ఉండి, సంచిలో వేసింది.

ఎర్రమ్మ ఇల్లు ఊరి చివర. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వంటల పొగ. వీళ్ళు ఆటో దిగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నెమ్మదిగా నడిచి వస్తుంటే చుట్టాలు మాటలాపి చూశారు. చొక్కా చేతుల కింద కట్లు, ఉబ్బిన నరాలు, బూడిదరంగు ముఖాలు. ఎర్రమ్మ అత్త ముసలి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవులు బాబూ మీరు? ఏ ఊరోళ్ళు?"

దాలయ్య కాంతం వైపు చూశాడు. ఏ ఊరు చెబితే అర్థమవుతుంది? ఏ వరస చెబుతాడు?

"మేం మొదటి షిఫ్టోళ్ళం అమ్మా" అన్నాడు చివరికి.

ముసలిదానికి అర్థం కాలేదు. షామియానా కింద కొత్త పంచె కట్టుకుని కూర్చున్న ఎర్రమ్మ మొగుడికి అర్థమైంది. లేచి వచ్చాడు. అందర్నీ ఒక్కొక్కర్నీ చూశాడు. కుర్చీలు చూపించాడు.

ఎవరో చుట్టాలావిడ పెద్ద చెంబుతో నీళ్ళు, గ్లాసులూ తెచ్చి ముందు దాలయ్యకి నిండుగా పోసి ఇవ్వబోయింది. దాలయ్య చెయ్యి చాపి ఆగాడు. కర్మ జరిగే ఇంట్లో నీళ్ళు వద్దనకూడదు. అలాగని డయాలసిస్ మనిషి అంత తాగనూకూడదు. పాండు నేల చూశాడు.

"ఆగమ్మా" అన్నాడు ఎర్రమ్మ మొగుడు. ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, లోపలికి వెళ్ళి ఒక చిన్న స్టీలు గ్లాసుతో వచ్చాడు. టీ గ్లాసు కంటే చిన్నది. అంచు కింద, ఎర్రమ్మ ఇంతే తాగాలని మేకుతో గీసిన గీత ఉంది. గీత దాకా పోసి దాలయ్యకిచ్చాడు. ఆయన గుటకలు లెక్కపెట్టుకుంటూ తాగాక, కడిగి పాండుకి పోశాడు. తర్వాత రత్నాలమ్మకి. చుట్టాలు చూస్తున్నారు.

మగ్దలీన దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆమె ఒంటి మీద యూనిఫారం లేదు. ఆమె చేతికి కట్టూ లేదు.

"నువ్వు ఆసుపత్రిలో ఆయావు కదమ్మా?"

ఆమె గ్లాసు మీది గీత వైపు చూస్తోంది.

"మా ఆయనది గాజుది" అంది. "నెయిల్ పాలిష్‌తో గీసినాను. ఎన్నిసార్లు తోమినా పోదు."

ఆయన గీత మీద బొటనవేలితో రాశాడు.

"ఏ కుర్చీ?"

"నాలుగు" అంది మగ్దలీన.

ఆయన తలూపి, చెంబు వంచి, ఆమెకి గ్లాసు నిండా పోశాడు.